టీవీ కొనే ముందు టేపు పట్టుకోండి

పోయిన దసరాకు మా వాళ్లలో మూడిళ్లకు టీవీలు కొన్నాం. డబ్బులు పెట్టింది వాళ్లు, షాపులు తిరిగింది నేను. ఒకటి పరకాల దగ్గర ఊళ్లో ఉండే మా అత్తమ్మకు, ఒకటి కాజీపేటలో అద్దెకుండే బావకు, ఒకటి హన్మకొండలో మా ఇంటికి. ఎవరి బడ్జెట్ కూడా ముప్పై వేలు దాటలేదు. చూసేవి కూడా అందరివీ మామూలే: సీరియళ్లు, వార్తలు, క్రికెట్, ఆదివారం ఒక సినిమా, పిల్లలకు యూట్యూబ్. ఇంత మాత్రానికి ఒకే రకం మూడు డబ్బాలు తెచ్చుకుంటే అయిపోదా, బేరం కూడా బాగా కుదురుతుంది అన్నాడు బావ. నాకూ మొదట అదే మంచిదనిపించింది. తీరా చూస్తే మూడిళ్లకు మూడు రకాలు వెళ్లాయి.

ముందు షోరూం సంగతి. గోడ నిండా ఇరవై టీవీలు. అన్నింట్లో ఒకటే బొమ్మ: తేనె కారుతుంటుంది, రామచిలుకలు ఎగురుతుంటాయి, నీలం నీళ్లలో చేపలు తిరుగుతుంటాయి. అది పెన్‌డ్రైవ్‌లో పెట్టిన 4కే వీడియో, అంటే బొమ్మను చాలా ఎక్కువ చుక్కలతో చూపించేది. టీవీని కూడా షాప్ మోడ్‌లో పెట్టి వెలుగు పూర్తిగా పెంచి ఉంచుతారు. అట్లా చూస్తే తొమ్మిది వేల టీవీ కూడా కళ్లు తిప్పుకోనివ్వదు. కానీ మన ఇంట్లో రోజూ వచ్చేది ఆ చేపలు కాదు కదా, రాత్రి సీరియల్.

అందుకని నేనొక పని చేశాను. "తమ్మీ, గీ చేపలు బంద్ చేసి జర యూట్యూబ్ పెట్టు" అని అడిగి, ఒక తెలుగు సీరియల్ ముక్క పెట్టించాను. తర్వాత క్వాలిటీ గుర్తు నొక్కి 480కి తగ్గించమన్నాను. ఆ పిల్లవాడు ఆగిపోయాడు. "ఎందుకు తగ్గిస్తున్నరు సార్, బొమ్మ ఖరాబ్ అయితది" అన్నాడు. "మా అత్తమ్మ ఇంట్ల అట్లనే వస్తది" అన్నాను. మామూలు కేబుల్ ఛానళ్లు, అంటే పేరు చివర హెచ్‌డీ అని లేనివి, 576 గీతల బొమ్మతోనే వస్తాయి. 480 దానికి దగ్గర. 55 అంగుళాల టీవీలో ఆ సీరియల్ కోడలి మొహం మైనం పూసినట్టు, అంచులు చెదిరినట్టు కనిపించింది. పక్కనున్న 32 అంగుళాల దాంట్లో అదే మొహం శుభ్రంగా ఉంది. టీవీ కొనడానికి వెళ్లినప్పుడు ఇంకేం చేసినా చేయకపోయినా ఈ ఒక్క పరీక్ష చేయండి. దీనికి ఒక్క నిమిషం చాలు.

మంచం ఎక్కడుంది, గోడ ఎక్కడుంది

ఎంత సైజు తీసుకోవాలి అని అడిగితే చాలామంది గోడను చూపిస్తారు. చూడాల్సింది గోడకూ మీ కూర్చునే చోటుకూ మధ్య దూరం. దీనికి ఒక పాత లెక్క ఉంది. తెర ఎత్తును కొలవండి. మామూలు కేబుల్ బొమ్మ బాగా కనబడాలంటే తెర ఎత్తుకు ఆరు రెట్లు దూరంలో కూర్చోవాలి. ఫుల్ హెచ్‌డీకి, అంటే 1920 బై 1080 చుక్కల బొమ్మకు, మూడు రెట్లు చాలు. దానికి నాలుగింతల చుక్కలుండే 4కే అయితే ఒకటిన్నర రెట్లు. అంతకంటే దగ్గరికి వస్తే బొమ్మలో లోపాలు కనబడతాయి. అంతకంటే దూరం పోతే, అదనంగా పెట్టిన చుక్కలు కంటికి ఆనవు, వాటికి పెట్టిన డబ్బు వృథా.

43 అంగుళాలు అంటే మూల నుంచి మూలకు కొలత. తెర ఎత్తు 21 అంగుళాలు, వెడల్పు ముప్పై ఏడున్నర. లెక్క వేస్తే మామూలు కేబుల్‌కు పదిన్నర అడుగుల దూరం కావాలి. ఫుల్ హెచ్‌డీకి ఐదడుగుల పైన కొంచెం. 4కే అందం మొత్తం కంటికి దక్కాలంటే రెండున్నర, మూడడుగుల దగ్గరికి జరగాలి! అంత దగ్గర కూర్చుని టీవీ చూసేది మా ఇంట్లో మా చిన్నోడొక్కడే, వాడిని కూడా రోజూ వెనక్కి లాగుతుంటాం. 32 అంగుళాల తెర ఎత్తు పదహారు అంగుళాలకు కొంచెం తక్కువ. మామూలు కేబుల్ దాంట్లో ఎనిమిదడుగుల నుంచి హాయిగా కనిపిస్తుంది. 55కు అదే కేబుల్ పెడితే పదమూడున్నర అడుగులు కావాలి. అంత హాలు వరంగల్‌లో అపార్ట్‌మెంట్లలో ఎందరికి ఉంది?

మా అత్తమ్మ ఇంట్లో టేపు పెట్టి చూశాను. గోడ నుంచి ఆమె మంచం తల దాకా ఏడున్నర అడుగులు. చూసేది కేబుల్, అదీ హెచ్‌డీ ప్యాక్ లేనిది. ఆమెకు 32 అంగుళాల హెచ్‌డీ రెడీ సరిపోయింది. హెచ్‌డీ రెడీ అంటే 1366 బై 768 చుక్కలు. ఆ దూరం నుంచి అంతకంటే ఎక్కువ చుక్కలు ఉన్నా ఆమె కళ్లకే కాదు, నా కళ్లకూ తేడా తెలియదు. కొత్త ఇల్లు కట్టుకున్న మా మరిది వరసాయన మాత్రం "ముసలామెకు చిన్న టీవీ తెచ్చిండు" అని ఊరంతా చెప్పుకున్నాడట. చెప్పుకోనీ.

లెక్క మీద నమ్మకం కుదరకపోతే పాత పేపర్లు అతికించి 43 అంగుళాల తెరంత, అంటే ముప్పై ఏడున్నర బై ఇరవై ఒక అంగుళాల ముక్క చేసి గోడకు అంటించండి. రెండు రోజులు అట్లనే ఉంచండి. ఇంట్లో ఉన్నవాళ్లే చెప్తారు పెద్దదా చిన్నదా అని. మా ఆవిడ మొదటి రోజు "గింత పెద్దదా" అన్నది, మూడో రోజుకు "ఇంకొంచెం పెద్దదైనా పర్వాలేదు" అన్నది. సైజుకు కళ్లు తొందరగా అలవాటు పడతాయి. అందుకే లెక్క ప్రకారం రెండు సైజుల మధ్య ఊగుతుంటే, హెచ్‌డీ బాక్స్ లేదా నెట్ ఉన్న ఇంటికి పెద్దదే తీసుకోండి. మామూలు కేబుల్ ఒక్కటే ఉన్న ఇంటికి చిన్నదే తీసుకోండి.

ధరల్లో ఈ మధ్య ఒక మార్పు వచ్చింది, అది 43 వైపు మొగ్గేలా చేస్తుంది. 32 అంగుళాల కంటే పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 18కి తగ్గించారు. 32 లోపు వాటికి ముందు నుంచీ 18 శాతమే. అంటే పన్ను కలపక ముందు ఇరవై వేలు ఉన్న టీవీ ఒకప్పుడు 25,600 పడితే ఇప్పుడు 23,600 పడుతుంది. మేము తిరిగినప్పుడు 32 హెచ్‌డీ రెడీ చిన్న కంపెనీలవి తొమ్మిది, పది వేలకు, పెద్ద పేరున్నవి పదమూడు నుంచి పదిహేను వేలకు చెప్పారు. 43 4కే చిన్న కంపెనీలవి పద్దెనిమిది, ఇరవై వేలు, పేరున్నవి ఇరవై ఆరు నుంచి ముప్పై దాకా. పండగ ఆఫర్లను బట్టి ఇవి అటూ ఇటూ అవుతుంటాయి కానీ మధ్యలో ఉండే గ్యాప్ దాదాపు అట్లనే ఉంటుంది.

4కే కావాలా, ఫుల్ హెచ్‌డీ చాలా

పై లెక్క ప్రకారం 43 అంగుళాల్లో ఎనిమిది అడుగుల నుంచి చూసేవాళ్లకు ఫుల్ హెచ్‌డీ చాలు. నిజమే. కానీ షాపులో పరిస్థితి వేరు. 43లో ఫుల్ హెచ్‌డీ మోడళ్లు తగ్గిపోతున్నాయి. ఉన్నవాటిలో లోపల పాత చిప్, తక్కువ ర్యామ్, తక్కువ పోర్టులు పెడుతున్నారు. మంచి సామాను 4కే మోడళ్లకు పోతోంది. కాబట్టి తేడా రెండు వేల లోపు ఉంటే 4కే తీసుకోండి. చుక్కల కోసం కాదు, దాంతో పాటు వచ్చే మిగతావాటి కోసం. ఐదు వేల తేడా ఉంటే ఫుల్ హెచ్‌డీ తీసుకుని ఆ డబ్బుతో సౌండ్‌బార్, అంటే టీవీ కింద పెట్టే పొడుగాటి స్పీకర్ కొనుక్కోండి, ఎక్కువ సుఖపడతారు.

నెట్‌లో చూసేవాళ్లు స్పీడ్ కూడా చూసుకోవాలి. ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఎంబీపీఎస్ ఉండాలని నెట్‌ఫ్లిక్స్ చెప్తుంది. ఫోన్ హాట్‌స్పాట్‌తో చూసే ఇంటికి 4కే అనేది డబ్బా మీద రాసుకున్న అక్షరాలే.

డబ్బా మీద ఇంకా చాలా రాస్తారు. హెచ్‌డీఆర్ అని ఉంటుంది, అంటే వెలుగు, చీకటి భాగాలు రెండూ స్పష్టంగా చూపించే పద్ధతి. దాని అందం తెలియాలంటే తెరకు వెలుగు బాగా ఉండాలి. ఈ ధరలో వచ్చే తెరలు రెండు, మూడు వందల నిట్స్ (తెర వెలుగు కొలత) దగ్గరే ఆగుతాయి, కాబట్టి అది ఉన్నా లేనట్టే. క్యూఎల్‌ఈడీ అంటే తెర వెనక రంగులు బాగా వచ్చేలా ఒక పొర వేస్తారు. ఎరుపు, ఆకుపచ్చ కొంచెం నిండుగా కనిపిస్తాయి. వెయ్యి రూపాయల తేడాకు వస్తే మంచిదే, దాని కోసం వారంటీ వదులుకోవద్దు. పేరు ఒకేలా ఉంది కదా అని ఓఎల్‌ఈడీ అనుకునేరు. అది వేరే జాతి, ఈ బడ్జెట్‌లో లేదు. "మోషన్ రేట్ 120" అని రాసి ఉంటే అసలు రిఫ్రెష్ రేట్, అంటే సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో ఆ అంకె, ఎంత అని అడగండి, 60 అని చెప్తారు. క్రికెట్‌కు 60 బాగానే ఉంటుంది.

పక్క నుంచి చూడండి

ఇది ఎవరూ చెప్పరు, నాకు మాత్రం ఇదే పెద్ద విషయం అనిపిస్తుంది. తెరల్లో రెండు జాతులు ఉంటాయి: ఐపీఎస్, వీఏ. ఐపీఎస్ తెరను పక్క నుంచి చూసినా రంగు మారదు, కానీ చీకట్లో నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది. వీఏ తెరలో నలుపు నల్లగానే ఉంటుంది, ఎదురుగా కూర్చుంటే అందం. పక్కకు జరిగితే మాత్రం బొమ్మ వెలిసిన చీరలా తెల్లబడుతుంది. డబ్బా మీద ఏ జాతో రాయరు. ఒకే మోడల్‌లోనే ఒక బ్యాచ్ ఒకటి, ఇంకో బ్యాచ్ ఇంకొకటి రావచ్చు కూడా. అందుకని షాపులోనే టీవీ ముందు నిలబడి, మెల్లగా నాలుగడుగులు పక్కకు నడవండి. మొహాల రంగు చూస్తూ నడవండి. తెల్లబడిందా, వీఏ. అట్లనే ఉందా, ఐపీఎస్. తర్వాత ఒకసారి కింద కూర్చుని పైకి చూడండి. షాపులో కింద కూర్చుంటే నవ్వుతారేమో అనుకోకండి, నేను కూర్చున్నాను, నవ్వారు, టీవీ మాత్రం మంచిది దొరికింది.

మా ఇంట్లో టీవీ ముందు ఎప్పుడూ ఒక్కరు ఉండరు. సోఫాలో ఇద్దరు, దివాన్ మీద ఒకరు, కింద చాప మీద పిల్లలు, వంటింటి గుమ్మంలో చిక్కుడుకాయ తుంచుకుంటూ ఇంకొకరు. బతుకమ్మ రోజుల్లో అయితే ఆడబిడ్డలు వస్తే హాలు నిండిపోతుంది, సగం మంది పక్క నుంచే చూస్తారు. అందుకే మాకు ఐపీఎస్ తెర ఉన్న పెద్ద కంపెనీ 43 తీసుకున్నాం, ఇరవై ఎనిమిది వేలకు. బావ సంగతి వేరు. ఆయన రైల్వేలో షిఫ్టు డ్యూటీ. రాత్రి పదకొండుకు వచ్చి లైటు ఆర్పి, మంచానికి ఎదురుగా ఉన్న టీవీలో ఒక్కడే సినిమా చూస్తాడు. దూరం ఐదడుగులు. కేబుల్ లేదు, అంతా నెట్టే. ఆయనకు వీఏ తెర ఉన్న 43 4కే, చిన్న కంపెనీది, పంతొమ్మిది వేలకు. 4కేకి పెట్టిన డబ్బు కొంచెమైనా దక్కింది మూడిళ్లలో ఆయనకే.

తెర నున్నగా మెరుస్తుందా, మెరుపు లేకుండా ఉందా కూడా గమనించండి. మన దగ్గర చాలా ఇళ్లలో టీవీ గోడకు ఎదురుగా వాకిలి తలుపు ఉంటుంది. మెరిసే తెరైతే పగలు సీరియల్ బదులు గల్లీలో పోయే బండ్లు కనిపిస్తాయి.

స్మార్ట్ తెలివితేటలు

ఇప్పుడు స్మార్ట్ కాని టీవీ దొరకడమే కష్టం. ఏ సిస్టం మంచిది అన్నదానికి నా జవాబు: దానికోసం ఎక్కువ బుర్ర పాడు చేసుకోవద్దు. తెర ఎనిమిదేళ్లు ఉంటుంది, లోపలి తెలివి మూడేళ్లకు మందగిస్తుంది. ఒకటి, ఒకటిన్నర జీబీ ర్యామ్, ఎనిమిది జీబీ స్టోరేజ్‌తో వచ్చే టీవీ మొదటి ఏడాది చురుగ్గా ఉండి, యాప్‌లు అప్‌డేట్ అయ్యేకొద్దీ ఎద్దుబండిలా నడుస్తుంది. అప్పుడు మూడు నాలుగు వేలు పెట్టి యాప్‌లు నడిపే ఒక స్టిక్ తెచ్చి టీవీ వెనక ఉండే హెచ్‌డీఎంఐ పోర్టులో గుచ్చితే మళ్లీ కొత్తదవుతుంది. తెర బాగా లేకపోతే మార్చుకునే దారి లేదు. కాబట్టి తెర చూసి కొనండి.

ఒక్క జాగ్రత్త. బాగా చవక టీవీల్లో "స్మార్ట్ ఆండ్రాయిడ్" అని రాసి ఉంటుంది కానీ గూగుల్ అనుమతి ఉన్న అసలు సిస్టం (గూగుల్ టీవీ లాంటిది) ఉండదు. యూట్యూబ్ నడుస్తుంది, మిగతా యాప్‌లు మాత్రం ఒకటి ఓపెన్ కాదు, ఇంకొకటి ఓపెన్ అయినా బొమ్మ మసకగా వస్తుంది. షాపులోనే ప్లే స్టోర్ తెరిపించి మీరు చూసే యాప్‌లు, ఆహా, ఈటీవీ విన్, జియోహాట్‌స్టార్, ఏవైతే అవి, అందులో వెతికించండి. కంపెనీ సొంత సిస్టం, అంటే ఎల్‌జీ వాళ్ల వెబ్‌ఓఎస్, సామ్‌సంగ్ వాళ్ల టైజెన్ లాంటివి ఉంటే, ఆ కంపెనీ స్టోర్‌లో మీ తెలుగు యాప్ ఉందో లేదో చూసుకోండి. అవి గూగుల్ టీవీ కంటే తేలిగ్గా నడుస్తాయి, యాప్‌లు మాత్రం కొంచెం తక్కువ.

సౌండ్, కరెంట్, పిడుగు

సన్నటి టీవీలో స్పీకర్లకు చోటుండదు. కిందికి తిరిగి ఉంటాయి, ఇరవై వాట్లు అని రాసి ఉంటుంది. షాపులో ఏసీ గదిలో వింటే బాగానే వినిపిస్తుంది. మే నెలలో కూలర్ పూర్తి స్పీడులో పెట్టి, పైన ఫ్యాన్ తిప్పుతూ వింటే పాటలు తెలుస్తాయి, మాటలు తెలియవు. మా అత్తమ్మకు చెవి కొంచెం మందం. ఆమె టీవీలో సౌండ్ సెట్టింగ్ "స్టాండర్డ్" నుంచి మాటలు స్పష్టంగా వినిపించే మోడ్‌కు మార్చాను, అది చాలా టీవీల్లో ఉంటుంది. దాంతోనే సగం పని అయింది. సౌండ్‌బార్ తర్వాత పెట్టుకోవాలనుకుంటే హెచ్‌డీఎంఐ పోర్టుల్లో ఒకదాని మీద ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ను బయటి స్పీకర్‌కు పంపేది) అని ఉందో లేదో చూసుకోండి. ఉంటే ఒకే వైరు, ఒకే రిమోట్.

కరెంట్ గురించి భయపడాల్సిన పనిలేదు. 32 అంగుళాలది నలభై అయిదు వాట్ల చుట్టూ, 43 4కే ఎనభై వాట్ల చుట్టూ లాగుతుంది. రోజూ ఐదు గంటలు నడిస్తే చిన్నది నెలకు ఏడు యూనిట్లు, పెద్దది పన్నెండు. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు ఉచితం పొందుతున్న ఇళ్లు, అదీ ఎండాకాలంలో 190 దగ్గర ఊగే ఇళ్లు, ఆ ఐదు యూనిట్లను లెక్కలో పెట్టుకుంటే మంచిది. స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు అని రాసి ఉంటుంది, స్టార్ల కంటే ఆ అంకె చూడండి.

స్టెబిలైజర్ అమ్మడానికి షాపువాళ్లు ఉత్సాహపడతారు. ఇప్పటి టీవీలు చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి, వెనక స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ఊళ్లల్లో లో వోల్టేజీ కంటే కరెంట్ పోయి ఒక్కసారిగా వచ్చినప్పుడు ప్రమాదం. దానికి మంచి స్పైక్ గార్డ్ పెట్టుకోండి. ఇక ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం లేచి ఉరిమినప్పుడు ప్లగ్ ఒక్కటే తీస్తే చాలదు, కేబుల్ వైరు కూడా పీకాలి. పిడుగు ఆ వైరు గుండా కూడా వస్తుంది. మామూలు వారంటీలో పిడుగుకు కాలిపోయిన టీవీకి డబ్బులు రావు.

పెద్ద పేరా, చిన్న ధరా

నాలుగేళ్ల కింద ఒక టీవీ ఆన్‌లైన్‌లో చవగ్గా కొన్నాను. కంపెనీ పేరు ఎందుకులెండి. పద్నాలుగో నెలలో తెర మీద నిలువు గీత వచ్చింది. వారంటీ పన్నెండు నెలలు. ఫోన్ చేస్తే మనిషి హైదరాబాద్ నుంచి రావాలన్నారు, పన్నెండు రోజులకు వచ్చాడు. చూసి "ప్యానెల్ పోయింది సార్" అని, అంటే తెరే పోయిందని, ఒక ధర చెప్పాడు. అది కొత్త టీవీ ధరకు దగ్గరగా ఉంది. ఆ రోజు నుంచి నేను కొనే ముందు ఒక ఫోన్ చేస్తున్నాను: కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, "మాది హన్మకొండ, రిపేరుకు మనిషి ఎక్కడి నుంచి వస్తాడు, ఎన్ని రోజులు" అని అడుగుతాను. తడబడితే ఆ కంపెనీ వద్దు.

చిన్న కంపెనీలన్నీ చెడ్డవని కాదు. బావకు తీసుకున్నది చిన్న కంపెనీదే, వరంగల్‌లోనే సర్వీస్ సెంటర్ ఉందని, రెండేళ్ల ప్యానెల్ వారంటీ ఇస్తున్నారని తీసుకున్నాం. వారంటీ మొత్తం టీవీకా, ప్యానెల్‌కా, రిమోట్‌కు ఎన్ని నెలలు అన్నది కార్డు మీద విడివిడిగా చదవండి. అత్తమ్మకు మాత్రం పెద్ద కంపెనీదే తీసుకున్నాను, నాలుగు వేలు ఎక్కువైనా. ఆమె ఒక్కతే ఉంటుంది, టీవీ పోతే పరకాల దాకా మోసుకెళ్లేవాళ్లు లేరు.

ఇంకోటి తెలుసుకోండి. సౌండ్ వస్తూ బొమ్మ రాకపోతే వెంటనే ప్యానెల్ పోయిందని ఒప్పుకోవద్దు. గదిలో లైట్లు ఆర్పి, తెరకు దగ్గరగా సెల్ టార్చ్ వేసి చూడండి. లోపల మనుషులు మసగ్గా కదులుతున్నట్టు కనిపిస్తే పోయింది తెరకు వెనక నుంచి వెలుగునిచ్చే ఎల్‌ఈడీ పట్టీలు. వరంగల్‌లో ఏ మంచి మెకానిక్ అయినా వాటిని చిన్న ఖర్చుతో మార్చేస్తాడు. అవి తొందరగా పోవడానికి ఒక కారణం, టీవీ ఇంటికొచ్చాక కూడా షాపులో పెట్టినంత వెలుగుతోనే నడపడం. ఇంటికి తెచ్చిన రోజే పిక్చర్ మోడ్ "వివిడ్" తీసేసి, బ్యాక్‌లైట్ సగానికి కొంచెం పైన పెట్టండి. రెండు రోజులు వెలవెలబోయినట్టు ఉంటుంది, మూడో రోజు కళ్లు మెచ్చుకుంటాయి.

ఆన్‌లైన్ ధర, షాపు ధర రెండూ చూసుకున్నాం. పండగ అమ్మకాల్లో ఆన్‌లైన్ రెండు వేల దాకా తక్కువ ఉంది. కానీ షాపులో అడిగితే గోడ స్టాండ్, హెచ్‌డీఎంఐ వైరు, బిగింపు ఉచితంగా ఇచ్చారు, పాత డబ్బా టీవీకి ఐదు వందలు కట్టారు. పక్క నుంచి చూసి ఎంచుకోవడం అక్కడే కుదురుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే మాత్రం డెలివరీ మనిషి ముందే డబ్బా విప్పి, టీవీ ఆన్ చేసి, వీడియో తీసుకోండి. పగిలిన తెర గురించి మరుసటి రోజు చెప్తే నమ్మేవాళ్లు తక్కువ. జీరో ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఎంతో అడగండి.

గోడకు బిగించే పిల్లవాడు ఎప్పుడూ పైకే చూస్తాడు. ఫ్యాన్‌కు పక్కన, ఫొటోల వరసలో కొట్టేస్తాడు. అట్లా పెడితే మెడ నొప్పి, వీఏ తెరైతే బొమ్మ కూడా తెల్లబడుతుంది. తెర మధ్య భాగం మీరు కూర్చున్నప్పుడు కళ్లకు సమంగా ఉండాలి, సోఫాకు అయితే నేల నుంచి మూడున్నర అడుగులు. కింద కూర్చునే ఇంట్లో ఇంకా దించండి.

చివరగా వైర్ల సంగతి. అత్తమ్మ ఊళ్లో కేబుల్ అబ్బాయి సెట్‌టాప్ బాక్స్‌ను ఎరుపు, తెలుపు, పసుపు మూడు రంగుల వైరుతో కలిపి వెళ్లాడు. ఆ వైరులో హెచ్‌డీ బొమ్మ రాదు. బాక్స్ వెనక హెచ్‌డీఎంఐ ఉంటే అదే వాడండి. మామూలు ఛానళ్లకూ అంచులు శుభ్రంగా వస్తాయి, హెచ్‌డీ ప్యాక్ కడుతున్నవాళ్లకైతే ఇన్నాళ్లూ కట్టిన డబ్బులు అప్పుడు కనిపిస్తాయి. బాక్స్ పాతది, హెచ్‌డీఎంఐ లేదంటే, కొత్త టీవీకి మూడు రంగుల పోర్టు ఉందో, లేక డబ్బాలో చిన్న మార్పిడి పిన్ ఇచ్చారో కొనేటప్పుడే చూసుకోండి. కేబుల్ బిల్లు కూడా భారమయ్యే ఇంటికి దూరదర్శన్ ఫ్రీ డిష్ ఉంది. నెల నెలా కట్టేదేం ఉండదు, డీడీ యాదగిరి వస్తుంది. మనవాళ్లు వదలని సీరియళ్ల ఛానళ్లు అన్నీ దాంట్లో దొరకవు.

టీవీ పెట్టిన మూడో రోజు అత్తమ్మ ఫోన్ చేసింది. "అల్లుడూ, టీవీల మనుషులు పోయి నీలి రంగు వచ్చింది. సిగ్నల్ లేదంటున్నది." రిమోట్‌లో ఇన్‌పుట్ మార్చే బటన్ మీద వేలు పడింది. స్మార్ట్ టీవీ, సెట్‌టాప్ బాక్స్ కలిసి ఉన్న ప్రతి ఇంట్లో వచ్చే ఫోన్ ఇదే. ఆదివారం వెళ్లి సెట్టింగుల్లో ఆన్ చేయగానే నేరుగా హెచ్‌డీఎంఐకి వెళ్లేలా పెట్టాను, చాలా టీవీల్లో ఈ సదుపాయం ఉంది. తర్వాత ఆ బటన్ మీద దెబ్బకు వేసే ప్లాస్టర్ ముక్క అంటించాను. అత్తమ్మ రిమోట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి గాయమైందా" అన్నది.